కొనే ముందు చెరువు గీత చూడండి: హెచ్‌ఎండీఏ ఎఫ్‌టీఎల్ పటాల సేవపై సమీక్ష

హైదరాబాదు చుట్టుపక్కల ప్లాటు గానీ ఇల్లు గానీ కొనదలచిన ప్రతి కుటుంబమూ బయానా ఇవ్వకముందే వాడుకోవలసిన ప్రభుత్వ సేవ ఒకటి ఉంది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ తన పరిధిలోని చెరువులకు, కుంటలకు పూర్తి నీటిమట్టపు హద్దును, అంటే అందరి నోటా ఎఫ్‌టీఎల్‌గా వినిపించే గీతను, సర్వే చేయించి, ఆ పటాలను నోటిఫికేషన్లతో సహా తన చెరువుల వెబ్‌సైట్‌లో పెట్టింది. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే ఆ ఊరి చెరువులు వాటి గుర్తింపు సంఖ్యలతో వరుసగా వస్తాయి. మా మేనల్లుడు నగరం శివారులో ప్లాటు చూసుకుంటున్న సందర్భంలో నేను ఈ సేవను శ్రద్ధగా వాడి చూశాను. కొనుగోలుదారుకు ఇంతకంటె మేలు చేసే ఉచిత సేవ స్థిరాస్తి వ్యవహారాల్లో మరొకటి నాకు తెలియదు. అయితే దానిని చదవడం తెలిసి ఉండాలి, దాని పరిమితులూ తెలిసి ఉండాలి.

మొదట ఆ గీత సంగతి. చెరువు కట్టకు ఒక పక్కన అలుగు ఉంటుంది, తెలంగాణ పల్లెల్లో దానినే మత్తడి అంటారు. నీరు ఆ అలుగు అంచును తాకేంతవరకు నిండినప్పుడు నేలమీద ఎక్కడిదాకా పరచుకుంటుందో అదే ఎఫ్‌టీఎల్. కట్ట దగ్గర నీరు లోతుగా ఉంటుంది కనుక అక్కడ గీత ఎక్కడుందో ఎవరికైనా తెలుస్తుంది. ఎగువ వైపు నేల వాలు చాలా తక్కువ కావడంవల్ల, మట్టం ఒక్క అడుగు పెరిగినా నీరు చాలా దూరం పాకుతుంది. వానలు సరిగా పడని ఏళ్లలో ఆ ఎగువ నేల పొడిగా, చదునుగా, ఇళ్ల స్థలాలకు సరిగ్గా సరిపోయేదిగా కనిపిస్తుంది. అమ్మేవారు కొనేవారిని వేసవిలో తీసుకువెళ్లి చూపించేది ఆ నేలనే. శిఖం భూమి అంటే అదే. అందులో కొంత పట్టా శిఖం కూడా ఉంటుంది, అంటే దానికి పట్టాదారు ఉంటాడు, నీరు తీసినప్పుడు సాగు చేసుకుంటాడు. కానీ ఇల్లు కట్టే హక్కు ఆ పట్టాతో రాదు. తూములు తెరిచి ఉంచో, అలుగును కొట్టేసో నీటిమట్టాన్ని ఎప్పుడూ కిందనే ఉంచి, చెరువు చిన్నదని నమ్మించే పని కొన్నిచోట్ల జరుగుతూనే ఉంది. అందువల్ల ఈనాడు నీరు ఎక్కడ నిలిచిందో చూసి నిర్ణయం తీసుకోవడం ప్రమాదకరం. అలుగు మట్టాన్ని ఆధారం చేసుకుని గీసిన పటమే నమ్మదగినది.

మేము చూసిన పటంలో ఆ గీత ఒక సర్వే నంబరును ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. ఆ నంబరులో పల్లపు భాగం చెరువు లోపల పడింది, మెరక భాగం బయట ఉంది. అమ్మేవారి బ్రోచరులో మాత్రం ఆ నంబరంతా ఒకే రంగులో ఉంది, చెరువు వైపున్న ప్లాట్లకు ‘లేక్ వ్యూ’ పేరిట అదనపు ధర కూడా వేశారు. ఏ సర్వే నంబరులో ఎంత భాగం గీత లోపల ఉందో కొనుగోలుదారు తన కళ్లతో తాను చూసుకోగలగడం ఈ సేవలోని అసలు విలువ. సర్వే నంబరు పేరు ఒక్కటే చూసి తేల్చుకోకూడదు. సబ్ డివిజన్ ఏదో, గీతకు అది ఎటువైపు ఉందో చూడాలి.

గీత బయట ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏ కట్టడమూ లేని ఖాళీ నేలగా, వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాలకు, వాగులకు 9 మీటర్లు, అంతకంటె సన్నవాటికి 2 మీటర్లు వదలాలి. నది విషయంలో పురపాలక పరిధి లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు. మా మేనల్లుడికి చూపించిన ప్లాటు గీత బయటే ఉన్నా, చెరువు పెద్దది కావడంతో ఆ 30 మీటర్లలో పడింది. ఆ బేరం అక్కడితో ఆగింది.

ఇక పరిమితులు. ప్రతి చెరువుకూ తుది నోటిఫికేషన్ రాలేదు. చాలావాటికి ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే ఉంది. ప్రాథమిక దశలో భూయజమానుల అభ్యంతరాలు తీసుకుంటారు, వాటిని పరిశీలించాకే తుది గీత నిలుస్తుంది. అంతవరకు ఆ హద్దు మారే అవకాశం ఉంటుంది. ఈ జాప్యంపై 2024లో హైకోర్టు కూడా గట్టిగా ఆదేశాలిచ్చింది. ఈ పని పూర్తికావడమే ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే గీత తేలనంతకాలం నష్టపోయేది కొనుక్కున్న మధ్యతరగతి కుటుంబమే. 2024 జూలైలో హైడ్రా, అంటే చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ, ఏర్పడిన తరువాత, రిజిస్ట్రేషన్ కాగితాలు చేతిలో పెట్టుకుని కూల్చిన గోడల ముందు నిలబడిన వారిని మనమందరం చూశాం. కూల్చివేతకు ముందే, రిజిస్ట్రేషన్ రోజుననే, సబ్ రిజిస్ట్రార్ ఎదుట ఈ పటం తెరుచుకునే ఏర్పాటు ఉండి తీరాలి. పటంలోని వివరాలను తెలుగులో కూడా ఇస్తే చెరువు ఆయకట్టు రైతు సైతం తన నేల సంగతి తానే చూసుకోగలుగుతాడు.

రెండో పరిమితి ఇంకా లోతైనది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు; పై చెరువు అలుగు పారితే ఆ నీరు నాలా గుండా కింది చెరువులోకి చేరాలి. ఒక చెరువు ఎఫ్‌టీఎల్ గీత ఎంత కచ్చితంగా ఉన్నా, రెండు చెరువుల నడుమ పూడిపోయిన నాలా సంగతి ఆ ఒక్క గీతతో తేలదు. 2020 అక్టోబరు వరదల్లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు దిగువ కాలనీలు మునిగాయి. టోలిచౌకి నదీం కాలనీలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. అందువల్ల ప్లాటు చెరువుకు దూరంగా ఉన్నా, పాత గ్రామ నక్షాలో ఆ పక్కన వాగు గానీ కాలువ గానీ ఉందేమో విడిగా చూసుకోవాలి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వైపు కొనేవారికి ఈ పటాలు ఏ విధంగానూ చాలవు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఆ రెండు జలాశయాలను కాపాడటానికి నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996 మార్చి 8న వచ్చిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు జలాశయాల అంచును మాత్రమే పట్టుకోలేదు. 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల పరీవాహక ప్రాంతాన్నంతా పట్టుకుంది. వాననీరు జలాశయానికి చేరే నేలనంతా కాపాడాలన్న ఆ ఆలోచన నా దృష్టిలో ఇప్పటికీ మన భూవినియోగ విధానాల్లో అత్యంత వివేకవంతమైనది. హిమాయత్‌సాగర్ దగ్గరి ఒక నూనె పరిశ్రమ వ్యాజ్యంలో 1999లోను, 2000లోను సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు ముందుజాగ్రత్త సూత్రానికి, అంటే హాని రుజువయ్యేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలన్న సూత్రానికి, బలం చేకూర్చాయి. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించడానికి దారి తెరవడం నాకు బాధ కలిగించింది. అక్కడ కొనేవారు గ్రామం పేరు ఆ 84లో ఉందో లేదో, తాజా ఉత్తర్వు ఏం చెబుతోందో పట్టణ ప్రణాళిక విభాగంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

బోరు వేయించుకునే ఉద్దేశం ఉన్నవారు నీరు, నేల, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బావి తవ్వకంపై అందులో ఆంక్ష ఉంది.

మొత్తం మీద ఈ సేవను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పటాన్ని పెద్ద తెరపై తెరిచి, గ్రామ నక్షాను పక్కన పెట్టుకుని చూడండి. తుది నోటిఫికేషన్ ఉన్న చెరువైతే ఆ గీతకు బఫర్ కలిపి కొలిపించండి. ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే ఉంటే, నీటిపారుదల, రెవెన్యూ శాఖల నుంచి హద్దు ధ్రువీకరణ చేతికి వచ్చేదాకా, అమ్మేవారు ఎంత తొందర పెట్టినా బయానా ఇవ్వకండి.