లింక్డ్‌ఇన్‌లో నాకు నిజంగా పనికొచ్చింది కాలేజీ పేజీ

ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉన్న రోజుల్లో లింక్డ్‌ఇన్ (ఉద్యోగ పరిచయాల సైట్) తెరిస్తే ముందు మీ కాలేజీ పేజీకి వెళ్లండి. అందులో ‘అలమ్నై’ అని ఉంటుంది. మనతో చదివినవాళ్లు, మన ముందూ వెనకా చదివినవాళ్లు ఇప్పుడు ఏ కంపెనీలో ఏ పని చేస్తున్నారో అక్కడ వడపోసి చూడొచ్చు.

నేను పేరోల్, అంటే ఉద్యోగుల జీతాల లెక్కల పని చేసేదాన్ని. మా టీమ్ మొత్తాన్ని తీసేశాక, ఆ అలమ్నై జాబితాలోనే నా జూనియర్ ఒకమ్మాయి కనిపించింది. కాలేజీలో ముఖపరిచయమే. ఉద్యోగం ఇప్పించమని అడగలేదు. “మీ దగ్గర ఈమధ్య ఎలాంటివాళ్లని తీసుకుంటున్నారు, ఏ సాఫ్ట్‌వేర్ వచ్చి ఉండాలి?” అని అడిగాను. ఓపిగ్గా ఫోన్‌లో అన్నీ చెప్పింది. వాళ్ల టీమ్‌లో ఒకరు మానేస్తున్నారన్న సంగతి ప్రకటన రాకముందే తెలిసింది. ఇప్పుడు ఆ సీట్లో నేనున్నాను.

ఇలా జరగడానికి కారణం ఉంది. మన దగ్గరివాళ్లకు తెలిసిన కబుర్లు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు కొద్దిపాటి పరిచయస్తుల దగ్గర దొరుకుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశారు. లింక్డ్‌ఇన్‌లోనే సుమారు 2 కోట్ల మందిపై ఐదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఉద్యోగం మారడానికి ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ సాయపడ్డాయని తేలింది. మొహమాటపడి పాతవాళ్లకు మెసేజ్ పెట్టనివాళ్లందరికీ ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

లింక్డ్‌ఇన్‌లోనే చటుక్కున దరఖాస్తు పెట్టేసే ‘ఈజీ అప్లై’ బటన్ మీద నాకు అంత నమ్మకం లేదు. మనకెంత సులువో అందరికీ అంతే సులువు, దరఖాస్తులు గుట్టలుగా పడతాయి. ప్రకటన నచ్చితే కంపెనీ సొంత సైట్లో కూడా ఉందో లేదో చూసుకుని అక్కడే పెట్టడం మేలు.

ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్లు, ఉద్యోగం చూసుకుంటున్నామని చెప్పే ‘ఓపెన్ టు వర్క్’ గుర్తుతో జాగ్రత్త. ఫొటో చుట్టూ పచ్చ రింగు అందరికీ కనిపిస్తుంది. రిక్రూటర్లకు మాత్రమే చూపించే వీలుంది గానీ, మీ ఆఫీసుకు అస్సలు తెలియదని లింక్డ్‌ఇన్ కూడా హామీ ఇవ్వదు.

డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం అవసరం నాకు రాలేదు. అవతలివాళ్లు కనెక్షన్ ఒప్పుకుంటే మెసేజ్‌లు ఉచితమే. రిక్వెస్ట్‌తో పంపే నోట్‌లో చోటు తక్కువ కాబట్టి ఏ బ్యాచ్, ఏ పని, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, అంతే రాయండి. రెజ్యూమె వాళ్లు అడిగాక పంపొచ్చు.