మూడు వేసవులు వాడాక: కెనోపీకి మైక్రోమెష్ కిట్, నల్ల మఖ్మల్

విమానం సొంతంగా కట్టుకున్న రెండు సీట్లది, కెనోపీ (సీట్ల మీది పారదర్శక పైకప్పు) 3 మి.మీ. యాక్రిలిక్ ప్లాస్టిక్. ఉండేది కడప ఎండలో, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో.

మైక్రోమెష్ కిట్ అంటే యాక్రిలిక్ మీది గీతల్ని రుద్ది పోగొట్టే పట్టీల సెట్టు. అది బాగా పనిచేస్తుంది. కానీ దాన్ని మాటిమాటికీ బయటికి తీయాల్సి వస్తోందంటే తుడిచే పద్ధతిలోనే తప్పుంది. సిమెంటు, నాపరాయి పొడి మీదున్నప్పుడు పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. సాయంత్రం పడమటికి దిగేటప్పుడు అవన్నీ వెలిగి, రన్‌వేకి అడ్డంగా తెల్లటి తెర కడతాయి. గుండ్రంగా రుద్దితే ఇంకా చేటు: ఎండ ఏ దిక్కున ఉన్నా ఏదో ఒక గీత మెరుస్తూనే ఉంటుంది. ముందు నుంచి వెనక్కి, ఒకే దిశలో తుడవాలి.

కడగడం పొద్దెక్కకముందే, నీడలో. ముందు ధారగా నీళ్లు పోసి దుమ్ము పోనివ్వాలి. తర్వాత ఉంగరం తీసేసి, నాలుగు చుక్కల మెత్తటి సబ్బు వేసిన నీళ్లతో అరచేత్తో తడమాలి. ఇసుక రేణువు మిగిలుంటే చేతికి తెలుస్తుంది. మన బోరు నీళ్లు ఆరితే సున్నపు మచ్చలు మిగులుతాయి, కాబట్టి చివర ఒక లీటరు ఆర్‌ఓ నీళ్లు. అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్, థిన్నర్, పెట్రోలు తగలనివ్వొద్దు. యాక్రిలిక్ నెర్రెలిస్తుంది, లోతుకు దిగిన నెర్రెలు ఏ పాలిష్‌కీ పోవు.

పట్టీ మీది అంకె పెరిగేకొద్దీ అది మెత్తన. గోటికి తగిలే గీతకే ముతక పట్టీ. తగలనిదానికి 4000తో మొదలుపెట్టి 6000, 8000, 12000 చాలు. పట్టీ మారినప్పుడల్లా కడిగి, ముందటి దిశకు అడ్డంగా రుద్దాలి, ప్రతిసారీ కాస్త వెడల్పుగా పోవాలి. గీత ఉన్నచోటే లోతుగా రుద్దితే గుంట పడి, అవతలి నేల నీళ్లలో చూసినట్టు వంగుతుంది. కళ్లకు నేరుగా ఎదురుగా ఉన్నచోట సన్నగీతను వదిలేయడమే మేలు. డ్రిల్లుకు బఫ్ (మెరుగుపెట్టే చక్రం) తగిలించొద్దు. యాక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, రాపిడి వేడి అక్కడిదాకా సులువుగా పోతుంది.

చూపు అన్నిటికన్నా బాగుపడింది మాత్రం డ్యాష్‌బోర్డు పైన పరిచిన నల్ల మఖ్మల్‌తో. బూడిదరంగు పెయింటు నీడ ఎదుటి అద్దంలో పడటం దాదాపు పోయింది. జిగురు పూర్తిగా ఆరేదాకా కెనోపీ తెరిచే ఉంచాలి, ఆ ఆవిరి కూడా నెర్రెలు తెస్తుంది. మే నెల వేడికి అంచులు ఊడొస్తాయి, 2 సెం.మీ. కిందికి మడిచి సన్నటి రేకుపట్టీతో స్క్రూలు బిగిస్తే నిలుస్తుంది.

బయటి కవర్ మీద నమ్మకం లేదు. గాలికి కొట్టుకునే కవర్, కింద దుమ్ము చేరితే ఉప్పుకాగితమే. కడుపులో మెత్తటి నూలుగుడ్డ ఉండి, పట్టీలతో బిగువుగా కూర్చునేదైతేనే కప్పాలి. పోలరైజ్డ్ కళ్లద్దాలూ వద్దు: యాక్రిలిక్‌లో రంగుల మరకలు కనిపిస్తాయి, డ్యాష్‌బోర్డు తెరల మీది అంకెలు చీకటవుతాయి.

పగుళ్లు మొదలయ్యేది స్క్రూల దగ్గర. 30 డిగ్రీల తేడాకు మీటరు షీటు సుమారు 2 మి.మీ. సాగుతుంది. అందుకే షీటులో రంధ్రం స్క్రూ కన్నా 2 మి.మీ. పెద్దది, బిగువు చేతికి ఆనేంత వరకే.

మూడేళ్లలో 12000 పట్టీ ఒక్కటే మళ్లీ కొనాల్సి వచ్చింది. 1500, 1800 ఇంకా కొత్తగానే ఉన్నాయి.