పూత మీదున్న మామిడికి వేపనూనె 10,000 పీపీఎం: వాడి చూసి చెబుతున్నా

మాది నూజివీడు దగ్గర. బంగినపల్లి, చిన్నరసం కలిపి చిన్న తోట. గట్టు మీద మా బాబాయి తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నారు. అందుకే పురుగు పోవాలి, తేనెటీగలు బతకాలి. ఏ మందు కొన్నా ఈ రెండూ చూస్తాను. ఆ లెక్కన ఈ వేపనూనెకి ఐదుకి నాలుగు మార్కులు.

తేనెమంచు పురుగు పట్టిన చెట్టు కిందకి వెళ్తేనే తెలిసిపోతుంది. పూగుత్తిని చేత్తో తడితే సన్నటి గోధుమరంగు పురుగులు చిటపటా ఎగిరి మొహానికి తగులుతాయి. ఆకులు ముట్టుకుంటే వేళ్లకి జిగురు. వదిలేస్తే ఆ జిగురు మీదే నల్లటి మసి పడుతుంది, పిందె నిలవదు.

లీటరు నీళ్లకి 3 మి.లీ. పోశాం. ముందు బకెట్లో కొద్ది నీళ్లతో బాగా గిలక్కొట్టాలి, పాలలా తెల్లగా కలవాలి. పైన నూనె తెట్టు కడితే ఆకు మాడుతుంది. మర్నాడే చూసి "పనిచెయ్యలేదు" అనేవాళ్లు ఎక్కువ. ఇందులో పనిచేసేది వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం, అది ఎంత ఉందో చెప్పేదే పీపీఎం అంకె. అది కొట్టగానే చంపే మందు కాదు. పురుగు తిండి మానేస్తుంది, పిల్ల పురుగులు కుబుసం విడవలేవు. పూమొగ్గ పొడుచుకొచ్చేటప్పుడే కొట్టిన చెట్లు మాకు బాగా తేరుకున్నాయి. పురుగు కమ్మేశాక కొట్టిన చెట్లలో దీని వల్ల పెద్దగా ఫలితం లేదు. మార్కు తగ్గించింది అందుకే. బూడిద తెగులుకి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు విడిగా కొట్టాలి. నూనెతో కలిపి మాత్రం వద్దు.

వేపే కదా, తేనెటీగలకి ఏమీ కాదనుకోకండి. పెద్దవాటికి ముప్పు తక్కువే గానీ, పుప్పొడితో పెట్టెలోకి చేరితే పిల్ల ఈగలకి దెబ్బ. పూత విచ్చాక నేను చెట్టు జోలికి పోను. మరీ తప్పదంటే పొద్దుగూకి, ఈగలన్నీ గూటికి చేరాకే. ఎండకి అజాడిరక్టిన్ తొందరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం కొడితే మందుకీ మంచిదే.

ఒక కొట్టులో అయితే పూత నిండుగా ఉందని చెప్పినా ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు చేతిలో పెట్టి "ఒక్కసారి కొట్టండమ్మా, మొత్తం పోద్ది" అన్నారు. తేనెటీగల కోసమే ఐరోపా సమాఖ్య 2018లో దాన్ని ఆరుబయట పంటల మీద వాడొద్దంది. పూత మీద వాలి పిందె కట్టించేవాటినే చంపుకుంటే ఇక కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది? డబ్బా మీద త్రికోణం రంగు చూసి ధైర్యపడొద్దు. ఆ ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ మనిషికి ఎంత విషమో చెప్పేవి. తేనెటీగల సంగతి కావాలంటే లోపలి కాగితంలో సన్నక్షరాలు చదవాల్సిందే.

కొనేటప్పుడు పీపీఎం చూసుకోండి. 1500ది కూడా అలాంటి సీసాలోనే వస్తుంది, దానికి లీటరుకి 5 మి.లీ. పొయ్యాలి. తయారీ తేదీ కూడా చూడండి, నిలవున్నదాంట్లో బలం ఉండదు.