దొంగ వాల్యూమ్‌ను పట్టిచ్చే ఎర్ర గుర్తు

క్రిప్టో ధరల్లో మోసాన్ని పసిగట్టే ఒక యాప్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. చార్టులు, పోర్ట్‌ఫోలియో అన్నిచోట్లా ఉండేవే. నేను చందా కట్టేది, వాల్యూమ్ (జరిగిన వ్యాపారం లెక్క) దొంగదనిపిస్తే కాయిన్ పేరు పక్కన వచ్చే ఎర్ర గుర్తు కోసమే. నొక్కితే అనుమానం ఎందుకో కారణాలతో సహా చూపిస్తుంది. ఇంత పనికొచ్చేది ఇంకే యాప్‌లోనూ నాకు దొరకలేదు.

ప్రొద్దుటూరులో బంగారం అంగడిలో లెక్కలు రాసే మా బావమరిది పోయినేడాది ఒక రాత్రి ఫోన్ చేశాడు. "బావా, వాల్యూమ్ చూడు, జనం ఎట్లా కొంటాండారో!" టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో ఎక్కించిన చిన్న కాయిన్ అది. వ్యాపారం కోట్లలో చూపిస్తోంది. నా ఫోన్‌లో మాత్రం ఎర్ర గుర్తు. లోపలికి వెళ్తే ఆర్డర్ బుక్, అంటే కొంటాం, అమ్ముతాం అని పెట్టిన ఆర్డర్ల జాబితా, దాదాపు ఖాళీ. రెండు లక్షల సరుకు ఒకేసారి అమ్మితే ధర కుప్పకూలేలా ఉంది. అన్ని కోట్ల వ్యాపారం నడిచేచోట కొనడానికి నిలబడినవాళ్లు ఇంత తక్కువా? మనుషులు కొంటే వంద, ఐదొందలు, వెయ్యి లాంటి రౌండ్ ఫిగర్లు ఎక్కువ కనబడాలి, అవీ లేవు. బెన్‌ఫర్డ్ సూత్రం (మొత్తాల్లో ఏ అంకె ఎంత తరచుగా ముందు వస్తుందో చెప్పే లెక్క) ప్రకారం 1తో మొదలయ్యే మొత్తాలు 30 శాతం దాకా ఉండాలి. ఇక్కడ అన్ని అంకెలూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అంటే ఎవరో బాట్ (తనంతట తానే ఆర్డర్లు పెట్టే ప్రోగ్రామ్) పెట్టి తామే అమ్మి తామే కొంటున్నారు. వేలంలో తన మనుషులతోనే పాట పెంచించే దళారి పని ఇది. దీన్నే వాష్ ట్రేడింగ్ అంటారు. బావమరిది కొనకుండా ఆగాడు. ఆ వారంలోనే ధర సగానికి పైగా పడిపోయింది.

ఇలా వాల్యూమ్ పెంచిపెట్టడం డబ్బు తీసుకుని చేసే పని. 2024లో అమెరికాలో ఎఫ్‌బీఐ నెక్స్‌ఫండ్‌ఏఐ అనే టోకెన్‌ను తానే తయారుచేసి, ఆ పనికి ఒప్పుకున్నవాళ్లను పట్టుకుంది.

అయితే స్పూఫింగ్ దగ్గర ఈ గుర్తు తేలిపోతుంది. పెద్ద ఆర్డర్ పెట్టి, జనం ఎగబడగానే సెకన్లలో తీసేస్తారు. యాప్ అంత వేగంగా చూడదు. లిక్విడిటీ పూల్స్‌తో (ముందే పోగేసిన కాయిన్ల నిల్వలతో) నడిచే ఎక్స్ఛేంజీల్లో ఆర్డర్ బుక్కే ఉండదు కాబట్టి అక్కడ పెద్దగా పనికిరాదు. కొత్తగా లిస్టయిన కాయిన్లకు ఊరికే ఎర్రగా వెలుగుతుంది. కారణాలు చూపిస్తుందన్నాను కదా, ఈమధ్య అప్‌డేట్ తర్వాత అవి పూర్తిగా కనబడాలంటే ఖరీదైన ప్లాన్ తీసుకోవాలి. అది నాకు మింగుడుపడలేదు.

కడపలో నా అంగడి కట్టేశాక రాత్రిపూట అప్పుడప్పుడు కొనేవాణ్ని నేను. లాభంపై 30 శాతం పన్ను, అమ్మితే 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోవడానికీ లేదు. కాబట్టి కొనేముందు ఒకసారి గట్టిగా చూసుకుంటే నాకు సరిపోతుంది, ఆ పనికి ఇది బాగుంది. రోజంతా ట్రేడింగ్ చేసేవాళ్లకు చాలకపోవచ్చు. నేనైతే చందా నెలనెలా కడతాను, ఏడాదికి ఒకేసారి మాత్రం కట్టను.