రాయగడలో ఇంజిన్ ఆయిలు కొనాలంటే ఈ దుకాణానికే వెళ్లండి

కారు ఏదో అడగకుండానే ఆయిలు డబ్బా చేతిలో పెట్టే దుకాణాలే మన వైపు ఎక్కువ. రాయగడ బస్టాండు దగ్గరి ఈ చిన్న దుకాణంలో మాత్రం యజమాని ముందు మోడలు, సంవత్సరం, పెట్రోలా డీజిలా అని అడుగుతారు. ఆపైన కారుతో వచ్చిన పుస్తకం చూపించమంటారు. అందులో ఆయిలు గ్రేడు, అంటే చిక్కదనం చెప్పే అంకెలు, చూడనిదే అరలోంచి డబ్బా దించరు.

మొన్న నా ముందే ఒకాయన కొత్త పెట్రోలు కారు తెచ్చి, ఘాట్ రోడ్డులో తిరిగే బండి కాబట్టి బాగా చిక్కటి 20డబ్ల్యూ50 ఇమ్మన్నారు.

"బాబూ, మీ పుస్తకంలో 0డబ్ల్యూ20 అని ఉంది. ఈ ఇంజిన్‌లో బేరింగుల సందులు సన్నం. చలికాలం పొద్దున్నే చిక్కటి ఆయిలు పైదాకా ఎక్కేలోపు లోపల అరుగుదల మొదలవుతుంది" అన్నారు యజమాని. ఆ గ్రేడు తన దగ్గర లేదని, విశాఖ నుంచి తెప్పిస్తానని చెప్పి, చేతికొచ్చిన బేరం వదులుకున్నారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

ఆయన మాట నిజం. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనకున్నది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. వెనక అంకె 30 అయితే ఆ వేడిలో చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే ప్రమాణం) లోపు, 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. చిక్కనైతే బలం అనే నమ్మకం మన దగ్గర ఎన్ని మంచి ఇంజిన్లను పాడుచేస్తోందో! పుస్తకంలోనే రెండు మూడు గ్రేడ్లు ఇచ్చి ఉంటే, లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ దాకా బరువుతో తిరిగేవారు వాటిలో చిక్కటిది ఎంచుకోవడం సబబే. పాత డీజిలు జీపులకు ఈయనే 15డబ్ల్యూ40 ఇస్తారు. పొగగొట్టంలో ఫిల్టరు ఉన్న బీఎస్6 (కాలుష్య నియంత్రణ ప్రమాణం) డీజిలు కార్లకైతే గ్రేడుతో పాటు, బూడిద తక్కువ వదిలే రకమా కాదా అని కూడా చూస్తారు.

నా కారుకు 5డబ్ల్యూ30 పోయించాను. వెనకే ఉన్న షెడ్డులో కుర్రవాడు పాత ఆయిలు చివరి చుక్క దాకా కారనిచ్చి, డ్రైన్ ప్లగ్గుకు కొత్త వాషర్ వేసి, ఫిల్టర్ రబ్బరు అంచుకు వేలితో కాస్త ఆయిలు రాసి బిగించాడు. డబ్బా సీలు నా కళ్లముందే తెంపాడు. పోయడం అయ్యాక ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, ఆయిలు కిందికి దిగేదాకా ఆగి డిప్‌స్టిక్ చూపించాడు. ఎగువ గీతకు వెంట్రుకవాసి కింద ఆగింది. ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవరుతో కన్నం పొడిచి పక్కన పడేశాడు. నకిలీ ఆయిలు నింపేవాళ్ల చేతికి అది మళ్లీ పనికిరాదు. ఈ జాగ్రత్త అన్ని దుకాణాల్లోనూ ఉండాలి.

లోటు లేదని అనను. ధరలో రూపాయి తగ్గించరు. పుస్తకంలో 10,000 కిలోమీటర్లని ఉన్నా, అందరికీ 5,000కే మార్చమంటారు. గనుల లారీల దుమ్ములో, ఘాట్ రోడ్ల మీద తిరిగే బండికి అది న్యాయమే, చాలా పుస్తకాల్లో కఠిన వాడకానికి గడువు తగ్గించి రాస్తారు కూడా. పార్వతీపురం దాకా మంచి రోడ్డు మీద పోయి వచ్చేవారికి మాత్రం అది అనవసరపు ఖర్చని నా అభిప్రాయం. 0డబ్ల్యూ20 లాంటివి తెప్పించడానికి రెండు రోజులైనా పడుతుంది, కాబట్టి వెళ్లేముందు ఫోను చేసి గ్రేడు చెప్పి ఉంచండి. ఆదివారం సెలవు.