సంవత్సరం పైసలు ముందే కట్టించుకునే వెబ్‌సైట్ ప్యాకేజీలతో జాగ్రత్త

పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట, గద్వాల చీరలవాళ్లకు, కొల్లాపూర్ మామిడి పెట్టెలు పంపేవాళ్లకు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే అక్కలకు ఈ హెచ్చరిక. "వెబ్‌సైట్, డొమైన్, పేమెంట్, కొరియర్ అన్నీ ఒకేదాంట్లో వస్తయన్నా, మీరు సంవత్సరం పైసలు కట్టి ఫొటోలు పంపితే చాలు, మిగతాదంతా మేం చూస్కుంటం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

ఇట్లా అన్నీ ఒకేచోట ఇచ్చి, కోడింగ్ లేకుండా సైట్ కట్టుకోనిచ్చే కంపెనీలను ఆల్-ఇన్-వన్ బిల్డర్లు అంటారు. అవి మోసం కాదు. కోడింగ్ రానివాళ్లు రెండు రోజుల్లో ఆన్‌లైన్ షాపు తెరవగలుగుతున్నది వాటివల్లే. కొత్తవాళ్లు మునుగుతున్నది వేరేచోట. కిరాయి షాపులో బేరం చేసుకోవచ్చు. బోర్డు, గల్లా, ఖాతా పుస్తకం కూడా ఇంకొకరి పేరుమీద ఉంటే మాత్రం షాపు మనది కాదు.

అందుకే డిజైన్ కన్నా ముందు, అకౌంట్ ఏ ఈమెయిల్ మీద తెరిచారో చూడండి. సైట్ కట్టే మనిషి తన ఈమెయిల్, తన ఫోన్ నంబర్ పెట్టి తెరిచి, మీకు స్టాఫ్ లాగిన్ ఒకటి చేతిలో పెడతాడు. దాంతో ఆర్డర్లు కనబడతాయి, సరుకు ఎక్కించొచ్చు, అంతా మన చేతిలోనే ఉన్నట్టనిపిస్తుంది. బిల్లింగ్, డొమైన్ (అంటే సైట్ అడ్రస్), ఓనర్ మార్పు మాత్రం ఓనర్ లాగిన్‌లోనే ఉంటాయి, ఓటీపీ పోయేది ఆయన ఫోన్‌కే. రెన్యువల్‌కు ఆయన ఎంతడిగితే అంత ఇవ్వాలి, లేకుంటే సైట్ బంద్. ఇది తిరగేయాలి. వ్యాపారం పేరుమీద కొత్త జీమెయిల్ మీరే తెరవండి, మీ నంబర్ ఇవ్వండి, ఓనర్ మీరే కండి. స్టాఫ్ లాగిన్ ఆయనకివ్వండి, పని అయ్యాక తీసేయండి.

డొమైన్‌ది ఇదే లెక్క. "మొదటి సంవత్సరం ఫ్రీ" అన్న చోట రెండో సంవత్సరం ధర ఎంతో ముందే చదవండి, అసలు ధర అదే. డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా బిల్డర్ దగ్గర కాకుండా వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర మీ లాగిన్‌తో కొని, సైట్‌కు కలపండి. అట్లయితే రేపు బిల్డర్ మారినా అడ్రస్ మారదు. బిల్డర్ దగ్గరే కొన్న డాట్ కామ్‌ను మొదటి 60 రోజుల్లో సాధారణంగా బయటికి కదలనివ్వరు. ఆ తర్వాత కూడా లాక్ తీసి, ఆథ్ కోడ్ (డొమైన్‌ను వేరే కంపెనీకి మార్చుకునే రహస్య కోడ్) ఇస్తేనే కదులుతుంది. ఆ కోడ్ కూడా ఓనర్ లాగిన్‌లోనే వస్తుంది.

ఖర్చు దగ్గర నెల రేటు ఒక్కటే చూసి లెక్క వేయొద్దు. డాలర్లలో బిల్లు వేసే కంపెనీ అయితే, జీఎస్టీ నంబర్ లేనివాళ్లకు 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, ఆపైన బ్యాంకు విదేశీ మారకపు చార్జీ పడుతుంది. నెలకు 20 డాలర్లన్నది 23.60 డాలర్లయి కూర్చుంటుంది, బ్యాంకు చార్జీ దాని మీద వేరే. ఇక అమ్మిన ప్రతి సరుకు మీద కోతలు. షాపిఫై అనే బిల్డర్ సొంత పేమెంట్ పద్ధతి మన దేశంలో లేదు కాబట్టి బయటి గేట్‌వే (కొన్నవాళ్ల పైసలు తీసుకుని మన ఖాతాలో వేసే కంపెనీ) పెట్టుకోక తప్పదు, బేసిక్ ప్లాన్‌లో అందుకు 2 శాతం ఫీజు తీసుకుంటుంది. గేట్‌వే కూడా 2 శాతం తీసుకుంటే, దానిమీద 18 శాతం జీఎస్టీ. 6,000 రూపాయల చీర మీద గేట్‌వేకు 141.60, షాపిఫైకు 120 (దానిమీద జీఎస్టీ పడితే అది వేరే), మొత్తం 261.60 పోతుంది. కొరియర్, ప్యాకింగ్ ఇంకా లెక్కలోకే రాలేదు. మగ్గం మీద నేసినాయనకు మిగిలేదెంతో ఇది చూశాకే ధర పెట్టండి.

ఆటోపే గురించి ఒక మాట. 15,000 రూపాయల లోపు మొత్తమైతే, ఒకసారి ఒప్పుకున్నాక ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే కార్డు నుంచి పోతుంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని వదిలేయొద్దు, ఆపుకోవాలంటే అప్పుడే ఆపుకోవాలి. మామిడివాళ్లకైతే సంవత్సరం ప్లాన్ అసలే వద్దు. సీజన్ ఉండేది మూడు నెలలు, మిగతా తొమ్మిది నెలలు ఖాళీ షాపుకు కిరాయి ఎందుకు?

అమ్మేవాళ్లు అసలు చెప్పని సంగతి, బయటికి వెళ్లేటప్పుడు వెంట ఏం వస్తుందన్నది. చాలా బిల్డర్లలో సరుకుల జాబితా సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) దిగుతుంది. డిజైన్ రాదు, కస్టమర్ల పాస్‌వర్డ్‌లు రావు, రివ్యూలు వేరే యాప్‌లో ఉంటే అవీ రావు. సీఎస్‌వీలో ఫొటోలు ఉన్నట్టే కనబడతాయి, కానీ ఉండేవి లింకులు మాత్రమే, ఫొటోలు పాత కంపెనీ సర్వర్‌లోనే ఉంటాయి. అకౌంట్ మూసినాక ఆ లింకులు పనిచేయవు. రెండు వందల చీరలకు తలా నాలుగు ఫొటోలంటే ఎనిమిది వందలు. అమ్ముడుపోయిన చీరను మళ్లీ పిలిచి ఫొటో తీయలేం. ఒరిజినల్ ఫొటోలు మీ హార్డ్ డిస్క్‌లో సరుకు నంబర్ పేరుతో ఉండాల్సిందే.

తెలుగులో పేర్లు, వివరాలు పెట్టేవాళ్లు థీమ్‌ను (సైట్‌కు ముందే చేసిపెట్టిన డిజైన్‌ను) ముందే పరీక్షించండి. చాలా థీమ్‌లు ఇంగ్లిష్ అక్షరాల కొలతకు చేసినవి. వరుసల మధ్య ఎడం తక్కువైతే వత్తులు తెగుతాయి, అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ ఉంటే పదం విడివిడిగా పడుతుంది. వరుస ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్ల కన్నా తగ్గనీయకండి, మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, ఈ తెలుగు ఫాంట్లు పెట్టుకునే వీలుందో లేదో చూడండి. "ఇక్కత్", "మిర్చి తొక్కు" అని రాసి ఒక ఇన్‌వాయిస్ కూడా తీయండి. కొన్నింట్లో స్క్రీన్ మీద బాగానే ఉండి, పీడీఎఫ్‌లో అక్షరాల బదులు డబ్బాలు పడతాయి.

కొరియర్ దగ్గర నష్టం మెల్లగా కారుతుంది. కొరియర్లు అసలు బరువు, పెట్టె కొలతల బరువు రెండింటిలో ఎక్కువదానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే కొలతల బరువు వస్తుంది. 35, 25, 8 పెట్టెలో అరకిలో చీర పెడితే లెక్క 1.4 కిలోలు, అంటే కిలోన్నర చార్జీ. 30, 25, 3కు మడిచి కవర్‌లో పంపితే కొలతల బరువు 0.45 మాత్రమే. బిల్డర్‌లో షిప్పింగ్ సెట్టింగ్ చాలాసార్లు పెట్టె కొలతలు అడగదు, గ్రాములే అడుగుతుంది. తేడా మన జేబులోంచి పోతుంది.

మరి కొత్తవాళ్లు బిల్డర్ వాడొచ్చా అంటే, వాడొచ్చు, నెలనెలా కట్టే ప్లాన్‌లో. ముప్ఫై నలభై సరుకులే ఉంటే వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్, యూపీఐ సరిపోతాయి, అది ఉచితం. సొంతంగా సైట్ కట్టుకునే వర్డ్‌ప్రెస్, దానికి షాపు కలిపే వూకామర్స్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే, కాకుంటే సైట్ ఉండే సర్వర్‌కు పైసలు కట్టాలి, అప్‌డేట్లు, బ్యాకప్‌లు మీ పనే అవుతాయి, చూసుకునే మనిషి లేకుంటే పోవద్దు. పైసలు కట్టే ముందు ట్రయల్‌లోనే ఐదు సరుకులు ఎక్కించి, సీఎస్‌వీ దింపి చూడండి. చెక్అవుట్ (పైసలు కట్టే పేజీ) ట్రయల్‌లో తెరుచుకోకపోతే మొదటి నెల కట్టినరోజే 10 రూపాయల సరుకు ఒకటి పెట్టి మీరే కొనండి, పైసలు ఖాతాలో పడేదాకా చూడండి. గేట్‌వే వాళ్లు రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, కాంటాక్ట్ పేజీలు లేకుంటే అకౌంట్ ఒప్పుకోరు, అవి ముందే రాసిపెట్టుకోండి. నారాయణపేట నుంచి రాయచూరుకు పంపినా అది వేరే రాష్ట్రమే, జీఎస్టీ సంగతి ఆడిటర్‌ను అడగండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కోపంలో ముందు ప్లాన్ రద్దు చేయకండి. మొదట ఫొటోలు, సీఎస్‌వీ, ఆర్డర్ల చిట్టా దింపుకోండి. తర్వాత ఓనర్‌షిప్ మీ ఈమెయిల్‌కు మార్చమని, డొమైన్ ఆథ్ కోడ్ ఇమ్మని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, కట్టిన రసీదులు దగ్గర పెట్టుకోండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగండి. డొమైన్ సెట్టింగుల్లో నేమ్‌సర్వర్లు మార్చే ముందు, అక్కడే ఈమెయిల్‌కు సంబంధించిన ఎమ్ఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులు రాసిపెట్టుకోండి, లేకుంటే ఈమెయిల్ ఆగిపోతుంది. పాత లింకు నొక్కితే కొత్త పేజీకి పోయేటట్టు (దీన్నే 301 రీడైరెక్ట్ అంటారు) చేశాక, కొత్త సైట్‌లో ఒక ఆర్డర్ సక్రమంగా పూర్తయ్యాక, అప్పుడు పాత ప్లాన్, ఆటోపే ఆపండి.