శబ్దం రాని డ్రమ్ పుల్లలంటూ అమ్ముతున్న కట్టలతో జాగ్రత్త

ఇంట్లో డ్రమ్స్ సాధన చేసేవారు, చిన్న హాళ్లలో ప్రార్థనలకో రిసెప్షన్లకో వాయించేవారు ఆన్‌లైన్‌లో రాడ్స్ అనే పుల్లల కట్టలను కొనే ముందు దీన్ని ఒకసారి చదవవలసిందిగా మనవి. సన్నని పుల్లలను కట్టగా కట్టి, పిడికి నల్లటి ప్లాస్టిక్ తొడుగు వేసిన ఒక జతను నేను గత నెల 549 రూపాయలకు తెప్పించుకున్నాను. మూడో పాట సగంలో ఒక కట్ట విడిపోయింది, స్నేర్ డ్రమ్ హెడ్‌కు (కొట్టే పైపొరకు) గుంట పడింది, ఇంతవరకు సొమ్ము తిరిగి రాలేదు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో రెండో అంతస్తులో అద్దెకుంటాను. ఆదివారాలు రేకుల కప్పున్న ఒక చిన్న చర్చిలో వాయిస్తాను. అక్కడ మామూలు 5ఏ సైజు (ఒంటి కర్ర) స్టిక్స్‌తో స్నేర్ మీద గట్టిగా ఒక దెబ్బ వేస్తే పాడేవారి గొంతు వారికే వినపడదు. ఇల్లు, చర్చి రెండింటికీ పనికొస్తాయనే ఆశతోనే వెతకడం మొదలుపెట్టాను. (డ్రమ్‌స్టిక్స్ అని వెతికితే మునగ విత్తనాల ప్యాకెట్లు కూడా వచ్చాయి. వాటిని కొన్నా ఇంతకంటే మేలు జరిగేది.) నేను ఎంచుకున్న సరుకు వివరాల్లో 19 బర్చ్ కలప పుల్లలని, శబ్దం 80 శాతం తగ్గుతుందని, అపార్ట్‌మెంట్లలో అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చని రాసి ఉంది.

19 అనే సంఖ్యను ఊరికే పెట్టలేదు. ఒక పుల్ల చుట్టూ అదే లావు పుల్లలు సరిగ్గా ఆరు పడతాయి, ఆ ఆరింటి చుట్టూ పన్నెండు పడతాయి, మొత్తం 19 అవుతాయి. ఈ తరహాలో పేరున్న ప్రోమార్క్ కంపెనీ వారి హాట్ రాడ్స్‌లో 19 బర్చ్ పుల్లలే ఉంటాయి. ఒంటి కర్ర తన బరువునంతా ఒక్క బిందువు మీద, ఒక్క క్షణంలో వేస్తుంది. కట్టలోని పుల్లలైతే దేనికది వంగుతూ, ఒకదానితో ఒకటి రాసుకుంటూ, కొద్దిపాటి ఎడంతో హెడ్‌ను తాకుతాయి కాబట్టి దెబ్బ మొదట్లో వచ్చే ఆ పదునైన చప్పుడు మెత్తబడుతుంది. పుల్లల మీదుగా జరిపే పట్టీ ఉన్న రకాల్లో దాన్ని కొస వైపు తెస్తే కట్ట బిగిసి శబ్దం పెరుగుతుంది, పిడి వైపు తెస్తే వదులై తగ్గుతుంది. అంటే పుల్లలన్నీ పిడి లోపలి దాకా వెళ్లి అక్కడ గట్టిగా బిగిసి ఉన్నప్పుడే ఈ ఏర్పాటంతా పనిచేస్తుంది.

నా కట్టలో సరిగ్గా అదే లేదు. మూడో పాటలో ఎడమచేతి కట్ట నుంచి రెండు పుల్లలు బాణాల్లా జారి ముందుకొచ్చాయి, వాటిలో ఒకదాని చీలిన కొస స్నేర్ హెడ్‌లో దిగి గుంట చేసింది. ఇంటికి వచ్చి బ్లేడుతో పిడి తొడుగును నిలువునా కోశాను. బయటి వరసలోని పన్నెండు పుల్లలు మాత్రమే పిడి చివరి దాకా ఉన్నాయి. లోపలి ఏడూ కొస దగ్గర బయలుదేరి, తొడుగు మొదలయ్యే చోటికి నాలుగు వేళ్ల ముందే ఆగిపోయాయి. మిగిలిన ఖాళీలో అట్టపెట్టె ముక్కను చుట్టగా చుట్టి దూర్చి, పైన పసుపుపచ్చటి జిగురు పోశారు. కొస వైపు నుంచి లెక్కపెట్టేవారికి 19 కనపడతాయి, పిడి అడుగున ప్లాస్టిక్ మూత ఉంటుంది కాబట్టి ఆ వైపు ఎవరూ చూడలేరు. ఇది తయారీలో జరిగిన పొరపాటంటే నేను నమ్మను.

ఆ పుల్లలు బర్చ్ కూడా కావు. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కే కుటుంబానికి చెందిన నా స్నేహితుడు ఒక ముక్కను అడ్డంగా కోసి, కోతలో నల్లని చుక్కలు చుక్కలుగా కనిపించే నారను చూపించి, ఇది వెదురని క్షణంలో తేల్చేశాడు. బర్చ్ అంటే మనవాళ్లు భూర్జపత్రాలు తీసిన హిమాలయ వృక్షం జాతికి చెందిన చెట్టు. దాని కలప లేత రంగులో, సన్నని నారతో నున్నగా ఉంటుంది, కోతలో ఆ చుక్కలుండవు. వెదురుతో చేసిన మంచి రాడ్స్ కూడా మార్కెట్లో ఉన్నాయి కాబట్టి వెదురును నేను తప్పుపట్టడం లేదు. వెదురును బర్చ్ అని అమ్మడం, కొసలను గరుకు కాగితంతో నునుపైనా చేయకుండా పంపడం నా అభ్యంతరం. వీధి చివరి నగల దుకాణంలో తూకం వేయిస్తే విప్పని కట్ట 41 గ్రాములు, విప్పిన కట్ట ముక్కలన్నీ కలిపి 33 గ్రాములు తూగాయి. ఒకే జతలో కుడిచేయికీ ఎడమచేయికీ అంత తేడా ఉంటే రెండు చేతుల దెబ్బ ఒకేలా పడదు.

శబ్దం విషయానికి వస్తే, మంచి రాడ్స్ అయినా నిశ్శబ్దాన్ని ఇవ్వవు. స్నేర్, టామ్స్ అనే డ్రమ్ముల మీద, సింబల్స్ అనే లోహపు పళ్లాల మీద మోత తగ్గుతుంది. కిక్ డ్రమ్‌ను కొట్టేది కాలి కింది పెడల్ కాబట్టి దాని శబ్దం రవ్వంత కూడా తగ్గదు, పైగా ఆ అదురు నేలగుండా కింది ఇంటికి పోతుంది. మొదటి రోజు నేను గర్వంగా వాయించి కిందికి దిగితే, కింది ఇంటి పెద్దావిడ "ఏంది నాయనా, మోత తగ్గిందంటివే, యాడ తగ్గింది?" అని అడిగింది. అర్ధరాత్రి వాయించుకోవచ్చన్న మాట మరీ ప్రమాదకరం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే, పగలు 55. ఏ రాడ్స్‌తో వాయించినా డ్రమ్ సెట్టు ఆ లెక్కలోకి దిగదు.

కాబట్టి వీలైతే దుకాణంలో చేతికి తీసుకుని చూడండి. పిడిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, నడిమి పుల్లను రెండు వేళ్లతో పట్టి లాగితే అది కదలకూడదు. రెండు కట్టలనూ ఒక్కొక్కటిగా బల్ల మీద దొర్లిస్తే వంకరలు తెలుస్తాయి. ఆన్‌లైన్‌లోనే కొనక తప్పకపోతే పెట్టె విప్పడం నుంచి వీడియో తీయండి, మూత తీసిన పిడి అడుగు భాగం ఫోటో లేని సరుకును వదిలేయండి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ఉన్నాయో లేదో కూడా చూడండి. నా పెట్టె మీద ధర చీటీ ఒక్కటే ఉంది, అది చూసిన రోజే నేను తిప్పి పంపవలసింది. రిమ్‌షాట్లు (హెడ్‌నూ డ్రమ్ అంచునూ ఒకేసారి తాకే దెబ్బలు) కొడితే, సింబల్ అంచు మీద బాదితే మంచి రాడ్స్ కూడా కొన్నాళ్లకు చీలుతాయి, వాటికి అది సహజం. మూడు పాటలకే విడిపోవడం మాత్రం సహజం కాదు.

వాడిన వస్తువును వాపసు తీసుకోబోమని అమ్మకందారు మొదట జవాబిచ్చారు. వాయించకుండా ఈ లోపం ఎలా బయటపడుతుందో వారే చెప్పాలి. తర్వాత, ఐదు నక్షత్రాల రేటింగ్ ఇస్తే 150 రూపాయలు పంపుతామన్నారు, నేను ఒప్పుకోలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. సైటు వారి ఫిర్యాదుల అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెల లోపల పరిష్కరించాలి. ఈ నిబంధనలను ప్రస్తావిస్తూ, కోసిన పిడి ఫోటోలు జతచేసి సైటుకు రాశాను, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు కూడా ఫోన్ చేసి నమోదు చేయించాను. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మకందారు ఉన్న ఊరికి పోనక్కర్లేదు.

సైటు వారికి నెల గడువు ఇంకా పదకొండు రోజులుంది. నల్ల పిడి, కొసకు జానెడు కింద ఎర్ర రబ్బరు పట్టీ, తయారీదారు పేరు లేని తెల్ల అట్టపెట్టె, ఇవీ నాకు వచ్చిన సరుకు గుర్తులు. ఇదే జత మీ దగ్గర కూడా ఉంటే దానితో వాయించడం ఆపి, ముందు పిడి మూత తీసి లోపల ఎన్ని పుల్లలున్నాయో లెక్కపెట్టి ఫోటో తీసి ఉంచుకోండి.